పది అడుగుల గట్టు, గంట ఓపిక: నగర చెరువులో తూనీగలను చూడటం ఎలా?

ముందుగా ఒక శుభవార్త. దీనికోసం తెల్లవారుజామున లేవనక్కర్లేదు. పక్షులను చూసేవాళ్లు నాలుగున్నరకు అలారం పెట్టుకుని, చీకట్లో బండి తీసి, చెరువు చుట్టూ తిరిగి, ఎనిమిదిన్నరకల్లా ఇడ్లీల వేటలో పడతారు. సరిగ్గా వాళ్లు వెళ్లిపోయే వేళకు తూనీగలు డ్యూటీ ఎక్కుతాయి. ఎండ తగిలి ఒళ్లు వెచ్చబడితేగానీ వాటి రెక్కల కండరాలు పనిచేయవు. కాబట్టి నింపాదిగా కాఫీ తాగి, టిఫిన్ కానిచ్చి, తొమ్మిదిన్నరకు గట్టు మీద ఉంటే చాలు.

ఉదాహరణకు నేను అమీన్‌పూర్ చెరువును తీసుకుంటాను. హైదరాబాద్‌కు పడమటి అంచున, మియాపూర్ దాటాక, సంగారెడ్డి జిల్లాలో ఉంది. కుతుబ్‌షాహీల కాలం నాటిది. 2016 నవంబరులో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. 2002 నాటి జీవవైవిధ్య చట్టంలోని 37వ సెక్షన్ కింద ఇచ్చే హోదా అది. దేశంలో నగరాన్ని ఆనుకున్న ఒక చెరువుకు ఆ గుర్తింపు రావడం అదే తొలిసారి. సుమారు 93 ఎకరాల నీరు, చుట్టూ అపార్ట్‌మెంట్లు. అక్కడికి పెద్ద పెద్ద లెన్సులతో వచ్చేవాళ్లలో చాలామంది దూరంగా నీటి మధ్యలో ఉన్న కొంగలను చూస్తూ, కాళ్ల దగ్గర గడ్డి మీద వాలిన వేటగాళ్లను తొక్కుకుంటూ పోతారు. ఇక్కడ చెప్పే పద్ధతి మీ ఊరి చెరువుకూ, కోనేటికీ, పంట కాలువకూ అలాగే పనికొస్తుంది.

ఏ నెలలో, ఏ వేళలో

వానలు కుదురుకున్నాక తూనీగలు పెరుగుతాయి. ఆగస్టు నుంచి నవంబరు దాకా మంచి కాలం. చలికాలం ముదిరితే బాగా తగ్గుతాయి. ఎండ కాసే రోజు ఎంచుకోండి. మబ్బు పట్టి గాలి వీస్తుంటే అవి గడ్డిలో దూరి కూర్చుంటాయి, మీకు చెరువు ఖాళీగా కనిపిస్తుంది. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండు వరకు చూడండి. సాయంత్రం పొద్దుగూకే ముందు మరో అరగంట కూర్చోగలిగితే ఇంకా మంచిది, ఎందుకో తర్వాత చెబుతాను.

ఎండ మరీ మండుతున్న మధ్యాహ్నం వెళ్లారనుకోండి, ఒక తమాషా చూడవచ్చు. కొమ్మ చివర వాలిన తూనీగ తోకను నిటారుగా సూర్యుడి వైపు ఎత్తి శీర్షాసనం వేస్తుంది. అలా చేస్తే ఒంటి మీద పడే ఎండ తగ్గుతుంది. అది దాని గొడుగు. మీ గొడుగు మీరు తెచ్చుకోండి.

సంచిలో ఏముండాలి

టోపీ, నీళ్ల సీసా, నిండు ప్యాంటు, బురదకు తట్టుకునే బూట్లు, చిన్న నోటుబుక్కు, పెన్సిల్. వాన తుంపర పడితే పెన్ను రాత అలుక్కుపోతుంది, అందుకే పెన్సిల్. బైనాక్యులర్ ఉంటే మంచిదే, కానీ కొనే ముందు ఒక్క పరీక్ష చేయండి. దుకాణంలో దాన్ని దూరపు బోర్డు వైపు కాకుండా మీ బూట్ల వైపు తిప్పి చూడండి. రెండు మీటర్ల దూరంలోని వస్తువు స్పష్టంగా కనిపించాలి. పాత రకం పెద్ద బైనాక్యులర్లు నాలుగైదు మీటర్ల కన్నా దగ్గరి వస్తువును చూపలేవు. పక్షులకు సరిపోతాయేమోగానీ మన పనికి బరువు చేటు. ఏదీ లేకపోయినా ఫోను కెమెరాతో మొదలుపెట్టవచ్చు.

వల తీసుకురావద్దు. తూనీగ తోకకు దారం కట్టి ఎగరేసిన బాల్యం మనలో చాలామందికి ఉంది, నాకూ ఉంది. నిజానికి అది తోక కాదు, దాని పొట్ట. పేగులు, గుండె, గుడ్లు అన్నీ అందులోనే ఉంటాయి. ఆ సంగతి తెలిశాక నా చేతులు మళ్లీ దారం జోలికి పోలేదు. తూనీగకు కుట్టే ముల్లు కూడా లేదు. పిల్లలు వెంట వస్తే ముందుగా ఈ రెండు ముక్కలు చెప్పండి.

చెరువు చుట్టూ నడవకండి

నా సలహా మొత్తాన్ని ఒకే వాక్యానికి కుదించమంటే ఇదే చెబుతాను. పది అడుగుల గట్టు ఎంచుకుని గంటసేపు అక్కడే కూర్చోండి.

ఆ పది అడుగులు ఎలా ఎంచుకోవాలి? కట్ట మీది నడకదారి నుంచి చూస్తే కనిపించేది నీరే. తూనీగలకు కావలసింది అంచు. నీటిలో కొంత జమ్ము లేదా తుంగ నిలబడి ఉండాలి. దాని ముందు కొంత తెరిపి నీరు ఉండాలి. వెనుక కొంచెం గడ్డి, కొంచెం ఒట్టి మట్టి ఉండాలి. నీటిలోంచి పైకి పొడుచుకొచ్చిన ఎండు కట్టె ఒకటి ఉంటే మరీ మంచిది. తూము దగ్గర, అలుగు దిగువన నీరు సన్నగా పారే చోట, కట్టకు ఎదురు దిక్కున నీరు పలచబడి గడ్డిలో కలిసిపోయే శిఖం భూముల అంచున ఇలాంటి జాగాలు దొరుకుతాయి. రాతి కట్టడం నేరుగా నీటిలోకి దిగే చోట పెద్దగా ఏమీ ఉండదు. గుర్రపుడెక్క నీటిని పూర్తిగా కప్పేసిన మూల కూడా అంతే. గుడ్లు పెట్టడానికి నీరే కనిపించని చోట వాటికేం పని?

కూర్చునే ముందు కర్రతో గడ్డిని తట్టండి. నీటి అంచున తరచుగా కనిపించేది నీరుకట్టె పాము, దానికి విషం లేదు. అయితే రక్తపింజర కూడా గడ్డిలోనే ఉంటుంది, అది వేళాకోళం కాదు. బురద మీద ఎండిన పెంకులాంటి పొర చూసి నేల గట్టిగా ఉందనుకోవద్దు. మోకాలి లోతు దిగబడిపోయి, బూటు ఒకటి చెరువుకు సమర్పించుకుని వచ్చిన అనుభవంతో చెబుతున్నాను.

ఇప్పుడు కదలకుండా పది నిమిషాలు కూర్చోండి. మొదటి రెండు నిమిషాలు చిరాకుగా ఉంటుంది, మీరు రాగానే ఎగిరిపోయినవి ఇక రావనిపిస్తుంది. వస్తాయి. మగ తూనీగ ఒక చిన్న నీటి ముక్కను తన హద్దుగా పెట్టుకుంటుంది. ఒక కట్టె మీద వాలి, అటుగా వచ్చిన ఇంకో మగదాన్ని తరిమి, గాల్లో దోమనో ఈగనో పట్టి, తిరిగి అదే కట్టె మీదికి వస్తుంది. వేటకు లేచిందంటే నూటికి తొంభైసార్లకు పైగా పట్టుకునే తిరిగొస్తుంది, ఏ పులీ దానికి సాటి రాదు. మీరు తూనీగ వెంట పరిగెత్తితే ఎప్పటికీ అందదు. దాని కట్టెను కనిపెట్టి ఆ కట్టె మీద కన్ను వేసి ఉంచితే అదే వచ్చి మీ ముందు వాలుతుంది. మంచి ఫోటోల రహస్యం కూడా ఇంతే. అది ఎగిరినప్పుడు ఒక అడుగు ముందుకు జరగండి, వాలినప్పుడు ఆగిపోండి. మీ నీడ దాని మీద పడనివ్వవద్దు.

మొదటి విభజన: రెక్కలు, కళ్లు

పేర్లకు ముందు ఒక్క ప్రశ్న. వాలినప్పుడు రెక్కలు విమానంలా చాచి ఉంచిందా, వీపు మీద ముడుచుకుందా? చాచితే అసలు తూనీగ, ఇంగ్లీషువాళ్ల డ్రాగన్‌ఫ్లై. ముడిస్తే సన్న తూనీగ, అంటే డామ్సెల్‌ఫ్లై. అసలు తూనీగల కళ్లు చాలావాటికి తల మీద ఒకదానికొకటి తగులుకుంటాయి. సన్న తూనీగ కళ్లు డంబెల్‌కు రెండు కొసల్లా విడివిడిగా ఉంటాయి. మినహాయింపులు ఉన్నాయి. రెక్కలను సగం తెరిచి వాలే సన్న తూనీగలు కొన్ని, కళ్లు ఎడంగా ఉండే పెద్ద తూనీగలు కొన్ని. రెండు గుర్తులూ కలిపి చూస్తే పొరపాటు జరగదు.

ప్రపంచంలో ఈ రెండు తెగలూ కలిపి ఆరు వేల పైచిలుకు జాతులు, మన దేశంలో సుమారు 500. భయపడకండి. హైదరాబాద్ చెరువు గట్టున మీకు రోజూ ఎదురయ్యేవి పది, పన్నెండు మాత్రమే.

ఆ పన్నెండు ఎవరు

తెలుగు జనం నోట అన్నిటికీ ఒకటే పేరు, తూనీగ. కోడిపుంజుల్లో డేగ, కాకి, నెమలి అని రంగు రంగుకూ పేరు పెట్టిన మనం వీటిని మాత్రం ఒకే గంపలో వేశాం. అందుకని నా నోటుబుక్కులో సొంత పేర్లు పెట్టుకున్నాను. నచ్చితే వాడుకోండి, లేకపోతే మీరే పెట్టుకోండి. వెతుక్కోవడానికి ఇంగ్లీషు పేర్లు కూడా ఇస్తున్నాను.

మొదట మురుగు మాణిక్యం, అంటే డిచ్ జ్యువెల్. చిన్నది. మగదాని ఒళ్లు నారింజ రంగు, రెక్కల్లో కూడా నారింజ మరక. నీటికి అడుగు ఎత్తులో, గడ్డి పరకల మీద గుంపులు గుంపులుగా వాలుతుంది. నగరపు మురుగు కలిసిన నీటిని కూడా తట్టుకుంటుంది. మీరు వెళ్లిన తొలిరోజు చూసే వాటిలో సగం ఇవే అయినా ఆశ్చర్యం లేదు.

పచ్చ డేగ, గ్రీన్ మార్ష్ హాక్. లేత పసుపుపచ్చ మీద నల్ల పట్టీలు, మొదట్లో ఉబ్బి నడుము దగ్గర సన్నబడిన పొట్ట. దీని తీరు చూడండి. సీతాకోకచిలుకలను పడుతుంది, సన్న తూనీగలను పడుతుంది, తనంత ఉన్న తూనీగను కూడా పట్టి గడ్డి మీద కూర్చుని తీరిగ్గా నములుతుంది. ఆకలేసినప్పుడు బంధుత్వాలు చూడదు.

ఎర్రవాటి దగ్గర అందరూ తికమకపడతారు. మిరపపండు అని నేను పిలిచేది రడ్డీ మార్ష్ స్కిమ్మర్. పండు మిరప ఎరుపు, పొట్ట మీద నడిమధ్య సన్నటి నల్ల గీత. చెంగావి అనేది క్రిమ్సన్ మార్ష్ గ్లైడర్. దీని ఎరుపులో వంగపండు ఛాయ కలుస్తుంది, రెక్కల ఈనెలు కూడా ఎర్రగా ఉంటాయి. దూరం నుంచి రెండూ ఒకటే. దగ్గరకు వెళ్లి ఈనెల రంగు చూడండి. ఇంకో చిక్కు, ఆడవి ఎర్రగా ఉండవు. మిరపపండు ఆడది పసుపు, చెంగావి ఆడది గోధుమ బంగారం. పైగా కొత్తగా బయటికొచ్చిన కుర్ర మగవి కూడా ఆడవాటి రంగులోనే కొన్నాళ్లు తిరుగుతాయి. పసుపు రంగుది కనబడగానే ఆడదని రాసేసుకోవద్దు.

బాటసారి, గ్రౌండ్ స్కిమ్మర్. నీటి దగ్గర కాకుండా మీరు నడిచొచ్చిన కాలిబాట మీద వాలుతుంది. ముదిరిన మగది బూడిద కలిసిన నీలం. మీ ముందు లేచి, నాలుగడుగులు ఎగిరి, మళ్లీ అదే బాట మీద కూర్చుంటుంది. మీకు దారి చూపిస్తున్నట్టే ఉంటుంది.

పగటివేషగాడు, కామన్ పిక్చర్ వింగ్. పసుపు రెక్కల మీద నల్ల మచ్చలు, అల్లల్లాడుతూ ఎగరడం. సీతాకోకచిలుక అనుకోని వాళ్లు లేరు. నా నోటుబుక్కులో మొదటి పేజీలో కూడా ‘పసుపు సీతాకోక’ అనే ఉంది, కొట్టివేత కింద ఇంకా కనిపిస్తుంది. మడి తూనీగ, పైడ్ ప్యాడీ స్కిమ్మర్. మగదాని రెక్కల్లో సగం నలుపు, దాని పక్కనే తెల్ల పట్టీ. పేరులోనే ఉన్నట్టు వరి మడులదే దీని కాపురం. చెరువు కింద ఇంకా పొలాలు మిగిలిన చోట వెతకండి.

కట్టె మీద పులి, కామన్ క్లబ్‌టెయిల్. నలుపు మీద పసుపు చారలు, ఏడు సెంటీమీటర్ల దాకా ఉండే పెద్ద తూనీగ. తోక కొస దగ్గర రెండు పక్కలా చిన్న రెక్కల్లాంటి అంచులుంటాయి. నీటిలోంచి పొడుచుకొచ్చిన ఎండు కట్టె కొనకొమ్మున, నీటి వైపు ముఖం పెట్టి కూర్చుంటుంది. కళ్లు ఎడంగా ఉండే పెద్ద తూనీగలన్నానే, అవి ఈ వంశమే.

సంజె తూనీగ, కోరల్ టెయిల్డ్ క్లౌడ్‌వింగ్. సాయంత్రం అరగంట కూర్చోమన్నది దీనికోసమే. పగలంతా పొదల నీడలో వేలాడి, మిగతావన్నీ నిద్రకు పోయే వేళకు నీటి మీద అటూ ఇటూ తిరగడం మొదలుపెడుతుంది. మగదాని వెనుక రెక్కల్లో పాలనురుగు లాంటి తెల్ల మచ్చ ఉంటుంది. చీకటి పడుతుంటే తూనీగ మాయమై ఆ తెల్ల మచ్చ ఒక్కటే గాల్లో తిరుగుతున్నట్టు కనిపిస్తుంది.

సన్న తూనీగలకు నేలకు వంగాలి. పసుపు కొమ్ము, కోరమాండల్ మార్ష్ డార్ట్. పొట్ట పచ్చి పసుపు కొమ్ములా ఏ మచ్చా లేకుండా ఉంటుంది, భుజాలు ఆకుపచ్చ. మన కోస్తా పాత పేరే దాని పేరులో ఉంది. నీలి మొన, సెనెగల్ గోల్డెన్ డార్ట్‌లెట్. నల్లటి సన్నటి ఒళ్లు, తోక చివర నీలం చుక్క. నలుసు, పిగ్మీ డార్ట్‌లెట్. రెండు సెంటీమీటర్లు దాటదు, తోక కొస ఇటుక ఎరుపు. గడ్డి మొదళ్లలో ఉంటుంది. దాన్ని మొదటిసారి చూసిన రోజు మీకు కొత్త కళ్లద్దాలు పెట్టినట్టు ఉంటుంది, ఎందుకంటే అప్పటి నుంచి ప్రతి చోటా అదే కనిపిస్తుంది.

పన్నెండూ అయ్యాయి. పదమూడోది దేశదిమ్మరి. దాని సంగతి పొడవు, కాస్త ఆగండి.

పెళ్లిళ్లు, పురుళ్లు

పేర్లు సగం వచ్చాక ప్రవర్తన చూడటం మొదలుపెట్టండి, అసలు సరదా అక్కడుంది. రెండు తూనీగలు ఒకదాని వెనుక ఒకటి రైలు పెట్టెల్లా తగులుకుని ఎగురుతుంటే, ముందున్నది మగది. తోక కొసతో ఆడదాని మెడను పట్టుకుని ఉంటుంది. కాసేపటికి ఆడది తన తోకను ముందుకు వంచి మగదాని పొట్ట మొదలు కిందికి చేరుస్తుంది, రెండూ కలిసి చక్రంలా అవుతాయి. సన్న తూనీగల్లో ఆ చక్రం హృదయం ఆకారంలో ఉంటుంది. చూసి మురిసిపోకండి, లోపల జరుగుతున్నది పక్కా స్వార్థం. చాలా జాతుల్లో మగది తన వంతుకు ముందు, ఆడదాని ఒంట్లో అంతకుముందు మగది వదిలిన బీజాన్ని ఊడ్చి పారేస్తుంది.

గుడ్లు పెట్టే తీరు రాసుకోండి, జాతిని గుర్తించడానికి అదీ ఒక ఆధారం. మిరపపండు లాంటివి నీటి మీద తోకతో టపటపా కొడుతూ గుడ్లు జారవిడుస్తాయి. సన్న తూనీగలు మొక్క కాడలో చిన్న గాటు పెట్టి గుడ్డును లోపల దాస్తాయి. అందుకే కాడలున్న మొక్కలు లేని నీటిలో అవి నిలబడలేవు.

చెరువు పక్కన నిలిపిన కార్ల వైపు కూడా ఒకసారి చూడండి. మెరిసే కారు పైకప్పు మీద తూనీగ తోక కొడుతుంటే అది గుడ్లు పెడుతోంది. నీటి మీద నుంచి వచ్చే వెలుగులో ఉండే ఒక ప్రత్యేక లక్షణాన్ని బట్టే అవి నీటిని గుర్తుపడతాయి. నున్నటి రంగు పూత కూడా వెలుగును అలాగే తిప్పికొట్టి వాటిని మోసం చేస్తుంది. ఎండకు కాలే రేకు మీద ఆ గుడ్లు బతకవు. మీ కారును నీడకు, గట్టుకు దూరంగా పెట్టండి.

కుబుసాలు ఏరుకోండి

పట్టకుండా, చంపకుండా ఇంటికి తీసుకెళ్లగలిగింది ఒకటుంది, కుబుసం. తూనీగ జీవితంలో ఎక్కువ భాగం నీటి అడుగునే గడుస్తుంది. రెక్కల్లేని, మట్టిరంగు పిల్ల పురుగుగా, దవడ కింద మడిచి పెట్టుకున్న కొక్కెం లాంటి పెదవిని ఒక్కసారిగా ముందుకు చాచి దోమ పిల్లలను, కప్ప పిల్లలను పట్టి తింటుంది. పెద్ద తూనీగ పిల్ల మలద్వారం లోపలే మొప్పలు పెట్టుకుని ఊపిరి పీలుస్తుంది. ప్రమాదం వస్తే ఆ నీటినే వెనక్కి చిమ్మి రాకెట్టులా దూసుకుపోతుంది. ఇంత చిత్రమైన ప్రాణి మన కాళ్ల కింద బురదలో ఉంటే మనం ఆకాశం వైపు చూస్తున్నాం.

ఎదిగాక రాత్రో తెల్లవారుజామునో జమ్ము కాడ ఎక్కి, వీపు పగలదీసుకుని తూనీగగా బయటికొస్తుంది. వదిలేసిన పెంకు కాడకే అతుక్కుని ఉంటుంది. ఉదయం నీటికి జానెడు నుంచి మూరెడు ఎత్తులో కాడలను ఒక్కొక్కటిగా చూస్తే దొరుకుతుంది. వీపు చీలికలోంచి తెల్ల దారాలు వేలాడుతుంటాయి, అవి లోపలి గాలి గొట్టాల పొరలు. ఖాళీ అగ్గిపెట్టెలో దూది పెట్టి దాచండి. ఎగిరే తూనీగ పక్క చెరువు నుంచి వచ్చి ఉండవచ్చు. కుబుసం మాత్రం ఈ చెరువులోనే పుట్టి పెరిగిందనడానికి సాక్ష్యం. చెరువు బాగోగుల గురించి ఎవరితోనైనా వాదన వస్తే ఆ అగ్గిపెట్టె పక్షుల ఫోటోల కన్నా గట్టిగా మాట్లాడుతుంది.

కూర్చున్న వాళ్లకు దొరికే మిగతా ప్రాణులు

కదలని మనిషిని చెరువు కాసేపటికి మరిచిపోతుంది. అప్పుడు లకుముకి పిట్ట మీకు ఇరవై అడుగుల దూరంలో వచ్చి వాలుతుంది. మునుగుడు కోడి జమ్ములోంచి తల బయట పెడుతుంది. నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటుంది. తీతువు మాత్రం మరిచిపోదు, మీరు లేచేదాకా తిడుతూనే ఉంటుంది. తూనీగల లెక్కకు వచ్చిన మీకు అన్నిటికన్నా ముఖ్యం పసరిక పిట్ట. అది కరెంటు తీగ మీద కూర్చుని, తూనీగను గాల్లోనే పట్టి, తీగకేసి బాది, రెక్కలు రాలగొట్టి మింగుతుంది. దాని కూర్చునే తీగ కింద నేలను వెతికితే రాలిన రెక్కలు దొరుకుతాయి. వాటిని నోటుబుక్కులో అంటించుకుంటే ఈనెల అల్లిక తీరిగ్గా చూసుకోవచ్చు. గడ్డిలోని సాలెగూళ్లను కూడా వదలకండి, నలుసుల్లో సగం అక్కడే లెక్కకు దొరుకుతాయి.

దేశదిమ్మరి

దీని ఇంగ్లీషు పేరు వాండరింగ్ గ్లైడర్, శాస్త్రనామం పాంటాలా ఫ్లావెసెన్స్. వానాకాలంలో మైదానాల మీద, రోడ్ల మీద వందల కొద్దీ గుంపులుగా, ఎక్కడా వాలకుండా తిరిగే పసుపు తూనీగలు ఇవే. వాన రాబోతోందని పెద్దలు చెప్పేది వీటి గుంపును చూసే అయి ఉంటుంది. వాన కుంటల్లో గుడ్లు పెడతాయి. కుంట ఎండేలోపు, నెలన్నర, రెండు నెలల్లోనే పిల్లలు ఎగిరిపోతాయి.

అప్పట్లో మాల్దీవుల్లో ఉన్న సముద్ర జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్‌కు ఒక ప్రశ్న వచ్చింది. మంచినీటి కుంటలు దాదాపు లేని ఆ దీవుల్లోకి ప్రతి అక్టోబరులో లక్షల తూనీగలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఏళ్ల తరబడి తేదీలు రాసుకుని, 2009లో జవాబు ప్రచురించారు. అవి భారతదేశం నుంచి గాలివాటున సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు వెళ్తున్నాయని, తరువాతి తరాలు నైరుతి గాలులతో తిరిగి వస్తున్నాయని. రానూపోనూ 14 వేల నుంచి 18 వేల కిలోమీటర్లు, నాలుగు తరాల ప్రయాణం. ఆయన పెద్ద పరికరాలేమీ వాడలేదు, ఎప్పుడు వచ్చాయో క్రమం తప్పకుండా రాసుకున్నారు. మీరూ చేయవలసింది అదే. సెప్టెంబరు నుంచి నవంబరు వరకు గుంపు కనిపించిన ప్రతి రోజూ తేదీ, గాలి దిక్కు, ఎటు వెళ్తున్నాయో రాయండి.

లెక్క రాసే పద్ధతి

పదిహేను రోజులకు ఒకసారి, అదే పది అడుగులు, అదే వేళ. పేజీ పైన తేదీ, సమయం, ఎండా మబ్బూ, నీటి మట్టం. కింద పేర్లు, ఎదురుగా సంఖ్యలు. పది వరకు లెక్కపెట్టండి, ఆపైన ‘చాలా’ అని రాయండి. కనిపించని వాటికి సున్నా వేయడం మరవద్దు, ఖాళీ గడి వేరు, సున్నా వేరు. గుర్తుపట్టలేని దానికి మూడు ఫోటోలు చాలు. పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, తోక కొసది ఒకటి. ఐనాచురలిస్ట్ అనే ప్రకృతి పరిశీలనల యాప్‌లో పెడితే తెలిసినవాళ్లు సరిచూసి చెబుతారు. యాప్ తనంతట తాను చూపించే పేరును మాత్రం, ముఖ్యంగా ఎర్రవాటి విషయంలో, వెంటనే నమ్మేయకండి.

ఏడాది గడిచాక పేజీలు తిప్పితే చెరువు ఆరోగ్యం కనిపిస్తుంది. ప్రతిసారీ మురుగు మాణిక్యం ఎదురుగా ‘చాలా’, మిగతా అన్నిటికీ సున్నాలైతే నీటిలోకి ఏదో దిగుతోందని అనుమానించాలి. సన్న తూనీగలు మూడు రకాలు, కట్టె మీద పులి, కుబుసాలు వరుసగా ఉంటే అంచు ఇంకా బతికి ఉంది. ఒక్కరోజు లెక్కతో తీర్పు చెప్పకండి, మబ్బు కూడా సున్నాలు తెస్తుంది.

నా మొదటి నోటుబుక్కు అమీన్‌పూర్‌ది కాదు, మా ఇంటికి దగ్గరలోని ఇంకో చిన్న చెరువుది. రెండేళ్లు లెక్క రాశాను. మూడో ఏడు సుందరీకరణ మొదలైంది. చుట్టూ రాళ్లు పరిచి, జమ్ము అంతా యంత్రంతో పెరికి, రంగుల దీపాలు, ఫౌంటెన్ పెట్టారు. నీరు అంతే ఉంది, బెంచీలు పెరిగాయి. నా పేజీలో పదకొండు పేర్లు మూడయ్యాయి. చెరువు శుభ్రం చేసే కార్యక్రమానికి ఎవరైనా మిమ్మల్ని పిలిస్తే తప్పక వెళ్లండి, ప్లాస్టిక్ ఏరండి, గుర్రపుడెక్క లాగండి. జమ్ము, తుంగల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అడ్డం నిలబడి, కనీసం సగం అంచునైనా వదిలేయమని అడగండి. అడిగేటప్పుడు నోటుబుక్కు, అగ్గిపెట్టె చేతిలో ఉంచుకోండి.

చెరువుకు వెళ్లలేని వారాల్లో

మీ ఇంటి గోడ చూడండి. బండ దయ్యం అని నేను పిలిచే గ్రానైట్ గోస్ట్ హైదరాబాద్ బండల రంగును ఒంటికి పూసుకున్న తూనీగ. నలుపు, బూడిద, తెలుపు చుక్కలు. గోడకు అతుక్కుని కూర్చుంటే రెండడుగుల దూరం నుంచి కూడా కనిపించదు. రెక్కల కొసల దగ్గర తెలుపు నలుపు కలిసిన చిన్న గీత ఒక్కటే దాన్ని పట్టిస్తుంది. సిమెంటు తొట్టెల్లో, చేపలు లేని చిన్న నీటి గుంటల్లో కూడా పిల్లలను పెంచుతుంది. కాబట్టి వారానికోసారి తొట్టి కడిగే ముందు అడుగున కదిలే మట్టిరంగు పిల్ల పురుగులు ఉన్నాయేమో చూడండి. ఉంటే మగ్గుతో తీసి కొంచెం పాత నీటితో సహా పక్క బకెట్టులో ఉంచి, తొట్టి నింపాక తిరిగి వదలండి. తొట్టిలో పుట్టే దోమల పని అవే చూసుకుంటాయి. కొన్ని వారాల తర్వాత తొట్టి పక్క గోడ మీద ఒక కుబుసం కనిపిస్తే, ఆ గోడనే పైనుంచి కిందికి జానెడు జానెడుగా వెతకండి.